నార్మల్ అని రాసిన చెయ్యి

మేడమీది గది,
మార్చి 3

అక్కా,

ఫోన్లు ఎత్తడంలేదని ఇంటావిడ కూతురితో కబురు పెట్టావట. ఎత్తను. ఎత్తితే నువ్వు మాట పూర్తి చెయ్యనివ్వవు, నేను ఏడుపు ఆపుకోలేను, చివరికి ఇద్దరం ఎండల గురించి మాట్లాడుకుని పెట్టేస్తాం. మెసేజి పెడదామంటే తెర కాస్త పైకి జరిపితే చాలు, కడుపులో తిప్పేస్తోంది. నిన్న నీ మెసేజి రెండు లైన్లు చదివి బాత్‌రూమ్‌కి పరిగెత్తాను. కాగితమైతే కదలదు. అందుకని ఉత్తరం. ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వుకుంటే నవ్వుకో.

జరిగింది చెబుతాను. అమ్మకి మాత్రం చెప్పకు.

ఫిబ్రవరి పంతొమ్మిదిన నేనూ నిచ్చెనా తొమ్మిదో అంతస్తు దగ్గర అద్దాలు తుడుస్తున్నాం. నిచ్చెన అంటే నా జతగాడు. ఆరడుగుల రెండంగుళాలు, అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. మేము నిలబడేది తొట్టిలో. డాబా మీంచి రెండు తీగలకి వేలాడే ఇనుప తొట్టి అది, చెరో చివర చెరో మోటారు. ఎడమ మోటారు మీట నా చేతిలో ఉంటుంది. ఆ రోజు ఎండా ఉంది, మబ్బులూ ఉన్నాయి. ఎదుటి అద్దంలో మబ్బులు పోతున్నాయి. వంగి బకెట్లో బ్రష్ ముంచి తల ఎత్తానో లేదో, మబ్బులు ఆగిపోయి మేడ కదిలింది. ఒట్టు, ఇరవై అంతస్తుల మేడ ఒరిగి నా మీదికి వచ్చింది. పడిపోతున్నాననుకుని ఏది దొరికితే దాన్ని గట్టిగా పట్టుకున్నాను. దొరికింది మీట. నా చివర కిందికి దిగిపోయింది, తొట్టి ఏటవాలయింది, నిచ్చెన కాళ్ళు జారి బయటికి పోయాడు. నడుం తాడు పట్టి ఆపింది కాబట్టి బతికాడు. కానీ ఊగి వెళ్ళి గోడకి కొట్టుకున్నాడు. తుంటి ఎముక విరిగింది, భుజం జారింది. ఆ చప్పుడు ఇంకా వినిపిస్తోంది.

ముప్పయ్యో తారీకున విచారణ. నాది నిర్లక్ష్యమని రాయబోతున్నారు. ఆ మాట తొట్టి నడిపే నా కార్డు మీద పడితే ఇక ఈ జన్మలో నన్ను ఏ మేడా ఎక్కనివ్వరు. పైగా తప్పు తోటి మనిషిది కాబట్టి నిచ్చెన వైద్యం కంపెనీ బాధ్యత కాదట!

నాకు మాత్రం ఏమయిందో ఎవరూ చెప్పడంలేదు. నడుస్తుంటే దుకాణాల బోర్డులు పైకీ కిందికీ ఎగురుతున్నాయి. సూపర్‌మార్కెట్లో రెండు అరల మధ్యకి వెళ్తే డబ్బాలన్నీ పరిగెత్తుతున్నట్టుంటుంది, బుట్ట అక్కడే పడేసి బయటికి వచ్చేస్తున్నాను. కంపెనీ డాక్టరు మొహం కూడా చూడకుండా "భయం అమ్మా, నిద్రపోతే తగ్గుతుంది" అన్నాడు. ఆరేళ్ళు గాలిలో వేలాడినదానికి భయమట!

రోజంతా జనం కళ్ళల్లోకి చూసే ఉద్యోగం నీది. ఇదేమిటో నువ్వు చెప్పు.

— పిడుగు


పరీక్షల గది, ఆస్పత్రి,
మార్చి 10

పిడుగూ,

ఇంత జరిగితే రెండు వారాలకా చెప్పడం? నీ వీపు విమానం మోత మోగించాలని ఉంది. అది తర్వాత. అమ్మకి చెప్పలేదు. నీకు పళ్ళునొప్పి అని అబద్ధం ఆడాను. ఎప్పుడైనా అడిగితే ఎడమవైపు పన్ను అని చెప్పు.

ఇది భయం కాదు. భయమే అయితే పైకి ఎక్కినప్పుడు రావాలి, సూపర్‌మార్కెట్లో ఎందుకొస్తుంది? తల ఒకవైపు తిరిగినప్పుడల్లా కళ్ళు అంతే వేగంగా రెండోవైపు తిరగాలి. అందుకే నడుస్తూ కూడా బోర్డు చదవగలుగుతాం. ఆ పని మనం చెయ్యం. చెవి లోపల సన్నటి గొట్టాలుంటాయి, తల కదిలిందని అవి కళ్ళకి చెప్పి చేయిస్తాయి. ఒక చెవి ఆ మాట చెప్పడం మానేసిందంటే కళ్ళు కూడా తలతోపాటే పోతాయి, పోయి మళ్ళీ గబుక్కున వెనక్కి గెంతుతాయి. అప్పుడు ఒళ్ళు నిలబడటానికి చూపు మీదే భారం వేస్తుంది. కళ్ళ ముందు ఏదైనా పెద్దది కదిలితే తానే కదిలాననుకుంటుంది. నీ మబ్బులు చేసింది అదే అయ్యుంటుంది.

నీ వయసువాళ్ళలో దీన్ని పట్టుకోవడం కష్టం. కుర్ర ఒళ్ళు ఎలాగోలా సర్దుకుంటుంది, బాగున్న రోజున ఏమీ తెలియదు. అరవయ్యేళ్ళ మనిషి తూలితే కుర్చీ వేస్తారు, ఇరవైమూడేళ్ళది తూలితే తాగొచ్చిందంటారు.

ఒక పని చెయ్యి. ఇంటావిడ కూతురిని ఎదురుగా కూర్చోబెట్టుకో. ఆ అమ్మాయి ముక్కు మీదే నీ చూపు ఉంచు. నీ తల రెండు చేతులా పట్టుకుని ఒకసారి ఎడమకీ ఒకసారి కుడికీ తిప్పమను. కొద్దిగానే, కానీ చటుక్కున. నీ చూపు ముక్కు మీద నిలిచిందా, జారి వెనక్కి గెంతిందా అని ఆ అమ్మాయినే చెప్పమను.

ఇది ఎప్పుడు మొదలైందో రాయి. తలకి దెబ్బేమైనా తగిలిందా? కంపెనీ ఏవైనా పరీక్షలు చేయించి ఉంటే ఆ కాగితాల నకళ్ళు పంపు. ఒక్కదానివే స్నానానికి వెళ్ళినప్పుడు గడియ వేసుకోకు.

— అక్క


మేడమీది గది,
మార్చి 18

అక్కా,

చేశాం. ఎడమకి తిప్పితే ఏమీ లేదట. కుడికి తిప్పగానే ఆ పిల్ల "అమ్మో, నీ కళ్ళు జారిపోయి ఎగిరొచ్చాయి!" అని నా తల వదిలేసి లేచి నిలబడింది. నాకు ఏడుపు రావలసింది, నవ్వొచ్చింది. నెల్నాళ్ళ తర్వాత ఒకరు నా మాట నమ్మారు, వాళ్ళకి పదిహేడేళ్ళు.

మొదలైంది నవంబరులో. గాలికి తొట్టి ఊగి నా తల కుడివైపు కమ్మీకి కొట్టుకుంది. హెల్మెట్ పగిలింది. వారం రోజులు మంచం దిగితే గది గిర్రున తిరిగింది. తర్వాత తగ్గింది, పనిలోకి వెళ్ళాను. డిసెంబరులో కంపెనీవాళ్ళు వ్యాను తెచ్చి మా అందరికీ పరీక్ష చేయించారు. నల్ల కళ్ళద్దాలు పెట్టి ఒకాయన నా తలని అటూ ఇటూ తిప్పాడు, కళ్ళని వీడియో తీశాడు, "తర్వాతివాళ్ళు" అన్నాడు. ఆ కాగితం నకలు ఇందులో పెట్టాను, చూడు. నార్మల్!

మొన్న సూపర్‌వైజర్ దాన్నే నా మొహం ముందు ఆడించాడు.

"చూడమ్మా, చెవులు నార్మల్, కళ్ళు నార్మల్. మరి లోపం ఎక్కడుంది?" అని వేలితో తన తల తట్టుకుని చూపించాడు.

"అంతా కలిపి ఒక్క నిమిషం చూశారు సార్."

"చదివేది ఎక్స్‌పర్టులు. వాళ్ళకి నిమిషం చాలు. ఫోన్ చూస్తూ ఉండుంటావు."

"రెండు చేతులకీ సబ్బు ఉంటే ఫోన్ ముక్కుతో చూస్తానా?"

"ఇదిగో, ఈ నోరే వద్దనేది."

కాగితం అడుగున "చదివినవారు: 7" అని ఉంది. పేరు లేదు, సంతకం లేదు. ఆ ఏడో నంబరు మనిషి ఎవరో గానీ నా చేతికి చిక్కాలి. తొట్టిలో ఎక్కించి పన్నెండో అంతస్తులో ఆపేసి, మీట నా జేబులో వేసుకుని ఇంటికొచ్చేస్తాను. నా కళ్ళు జారడం ఇంటావిడ కూతురికి కనిపించింది, ఆ ఎక్స్‌పర్టుకి కనిపించలేదా? చూశాడా అసలు? ఏం తింటున్నాడు అక్కా అలాంటివాడు? రాత్రిళ్ళు నిద్రెలా పడుతుంది?

నిచ్చెనని చూడ్డానికి వెళ్ళాను. గోడవైపే చూస్తూ మాట్లాడాడు. "నీకు ఒంట్లో బాగాలేదని నాతో ఒక్కమాట అంటే సరిపోయేది కదా. నేనే ఆ రోజు దిగిపోదామనేవాణ్ణి" అన్నాడు. నేను లేచి వచ్చేశాను. అప్పటికి నాకు మాత్రం ఏం తెలుసు చెప్పు?

— పిడుగు


పరీక్షల గది,
మార్చి 26

పిడుగూ,

ఉత్తరం, కాగితం అందాయి. నీ కుడి చెవి దెబ్బతిందని నా అనుమానం గట్టిపడింది. విచారణ నెలరోజులు వాయిదా అడుగు, వైద్య కారణాలని రాసివ్వు. అడిగితే ఇవ్వక తప్పదు.

ఈలోగా కసరత్తు మొదలుపెట్టు. గోడ మీద కళ్ళ ఎత్తున ఒక అక్షరం అతికించు. దాన్నే చూస్తూ తల అటూ ఇటూ ఊపు, అక్షరం చెదరనంత వేగంతో. నిమిషం చొప్పున రోజుకి ఐదుసార్లు. వికారం వస్తుంది, ఆపకు. తర్వాత పరుపు మీద పాదాలు దగ్గరగా పెట్టి నిలబడటం. పక్కన మనిషి ఉండాలి.

కాగితం సంగతి తర్వాత రాస్తాను. అలాంటివాటి మీద మరీ ఆవేశపడితే ఆరోగ్యానికి మంచిది కాదు.

— అక్క


మేడమీది గది,
ఏప్రిల్ 2

అక్కా,

ఇది ఉత్తరమా, మందుల చీటీనా? "ఆరోగ్యానికి మంచిది కాదు" అట! ఈ గొంతు నాకు తెలుసు. నాన్న పోయినప్పుడు బంధువులతో మాట్లాడావు చూడు, ఆ గొంతు. లోపల ఏదో పెట్టుకుని తలుపు వేసేసిన గొంతు.

విచారణ ఇరవైతొమ్మిదికి వాయిదా వేశారు. కసరత్తు చేస్తున్నాను. గోడ మీద "క" అతికించాను, అది "క" లాగా ఎప్పుడు కనిపిస్తుందో దానికే తెలియాలి. రోజుకి ఐదుసార్లు వాంతి వచ్చినంత పనవుతోంది, ఆపడంలేదు.

మొదటి ఉత్తరం మూడు పేజీలు రాశావు. ఆ కాగితం చూశాక అరపేజీకి వచ్చావు. ఆ ఏడో నంబరు నీకు తెలిసినవాళ్ళా? స్నేహితురాలా? కాపాడుతున్నావా? నీ చెల్లెలికంటే ఎక్కువైందా? పేరు రాయి. చిరునామా రాస్తే ఇంకా మంచిది.

— పిడుగు


ఇంటి వంటగది,
ఏప్రిల్ 9

పిడుగూ,

ఏడో నంబరు నేనే.

ఇది మూడుసార్లు రాసి చింపేశాను. ఇప్పుడు చింపకుండా రాస్తున్నాను కాబట్టి వరస తప్పినా చదువు.

మా ఆస్పత్రికి ఏడాదికి ఒక వారం బయటి కంపెనీల వీడియోలు వస్తాయి. పేర్లుండవు, ఒక నంబరూ వయసూ మాత్రం ఉంటాయి. ఎక్కడినుంచి వచ్చాయో మాకు చెప్పరు. ఆ వారం, మామూలు పేషెంట్లని చూస్తూనే, మధ్యలో రోజుకి అరవై చదవాలి. నిజంగా చదవాలంటే ఒక్కోదానికి పదినిమిషాలు. అందుకని రెండేళ్ళ కిందట పెద్ద డాక్టరు ఒక పద్ధతి పెట్టారు. ముందు వయసు చూడు. పాతికలోపు ఉంటే మెషిన్ ఇచ్చిన అంకె ఒక్కటి చూడు, అటూఇటూగా ఉన్నా నార్మల్ అని కొట్టెయ్యి, వీడియో తెరవనక్కర్లేదు. "ఇరవయ్యేళ్ళ పిల్లలకి చెవులు పాడవడమేమిటమ్మా" అని నవ్వారు. నేనూ నవ్వాను. నీ వయసువాళ్ళలో పట్టుకోవడం కష్టమని నీకు రాసింది నేనే. అది తెలిసి కూడా రెండేళ్ళుగా కొట్టేస్తూ వచ్చాను.

నీ ఉత్తరంలో ఆ కాగితం చూడగానే నంబరు గుర్తుపట్టాను. అది నా నంబరు. ఇంకెవరికీ లేదు. మర్నాడు, మార్చి ఇరవైరెండున, అందరూ భోజనానికి వెళ్ళాక, కాగితం మీది పరీక్ష నంబరుతో వెతికి నీ వీడియో తెరిచాను. అద్దాల లోపల ఒక్క కన్నే పెద్దగా కనిపిస్తుంది. కింది రెప్ప అంచున పుట్టుమచ్చ. పేరు లేకపోతేనేం, నీకు స్నానం చేయించి కాటుక పెట్టినదాన్ని, నీ కన్ను నాకు తెలియదా? ఎడమకి తిప్పిన ప్రతిసారీ నిలిచింది. కుడికి ఆరుసార్లు తిప్పారు. ఆరుసార్లూ జారి గెంతింది. చదువురానివాళ్ళకి కూడా కనిపిస్తుంది. మెషిన్ అంకె మాత్రం బాగున్నట్టు తేల్చే గీతకి ఒక్క వెంట్రుకవాసి ఇవతల ఉంది. దాని పక్కన నార్మల్ అని ఉంది, నేను నొక్కిందే.

ఆ రోజే నీకు రాయాలి. రాయలేదు. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. అమ్మ ఏమైపోతుందని భయపడ్డాను. రెండూ నిజమే గానీ, అంతకంటే ఎక్కువగా నువ్వు నన్ను చూసే చూపుకి భయపడ్డాను. నీకు కసరత్తులు రాసి, మంచి అక్కలాగా వాయిదా అడగమని సలహా ఇచ్చి, పద్దెనిమిది రోజులు గడిపాను.

రాత్రిళ్ళు నిద్రెలా పడుతుందని అడిగావు. అప్పటిదాకా బాగానే పట్టేది. అది చెప్పడానికే ఎక్కువ సిగ్గుగా ఉంది.

— అక్క


మేడమీది గది,
ఏప్రిల్ 14

నీకు,

అక్కా అని రాద్దామని కలం పెట్టాను, చెయ్యి రాలేదు.

నీ ఉత్తరం చదివి గ్లాసు గోడకేసి కొట్టాను. ఇంటావిడ పరిగెత్తుకొచ్చింది. "పళ్ళునొప్పి" అని చెప్పాను. ఎడమవైపు పన్ను. నీ అబద్ధం బాగా పనికొచ్చింది.

నీ భయాలన్నీ వరసగా రాశావు. ఉద్యోగం, అమ్మ, నా చూపు. పద్దెనిమిది రోజులు లెక్కపెట్టావు. ఆ పద్దెనిమిది రోజులూ నువ్వు నా గురించీ నీ గురించీ ఆలోచించావు. ఒక్కటడుగుతాను, జవాబు చెప్పు. రెండేళ్ళుగా నువ్వు నార్మల్ అని కొట్టింది నా ఒక్కదాన్నేనా?

నా జట్టులోనే పద్నాలుగు మందిమి పాతికలోపువాళ్ళం. అందరికీ అదే వ్యాను, అవే అద్దాలు. నువ్వు వంటగదిలో కూర్చుని ఉత్తరాలు చింపుకుంటున్న ప్రతిరోజూ వాళ్ళు పొద్దున్నే తాడు కట్టుకుని పైకి వెళ్ళారు. ఎవరి చెవి ఎలా ఉందో నీకు తెలియదు. తెలుసుకోగలిగినదానివి ఒక్కదానివే. వీడియో తెరవడానికి పదినిమిషాలు. పద్దెనిమిది రోజుల్లో పదినిమిషాలు దొరకలేదా?

ఎవరూ పడలేదు. ఇవాళ్టిదాకా. అది నీ గొప్పా కాదు, ఆ పెద్ద డాక్టరు గొప్పా కాదు. గాలి దయ.

ముందు ఆ వీడియోలు తెరువు. అన్నీ. తెరిచాకే నాకు రాయి. క్షమించమని మాత్రం రాయకు, చింపేస్తాను.


ఇంటి వంటగది,
ఏప్రిల్ 22

పిడుగూ,

తెరిచాను. పాతికలోపువాళ్ళవి రెండువందల పద్నాలుగు. ఐదు రోజులు పట్టింది. మామూలు పేషెంట్లని వదిలేసి కూర్చున్నాను, బయట జనం తలుపు కొడుతూనే ఉన్నారు. రెండువందలమూడు నిజంగానే బాగున్నాయి. పదకొండు బాగాలేవు, నీది కాక. అన్నీ నీ కాగితం మీది నంబరు వరసలోవే, అంటే మీ కంపెనీవే. అందులో ఒకటి నీకంటే ఘోరం, రెండువైపులా జారుతోంది. వయసు ఇరవైఒకటి.

జాబితా పట్టుకుని పెద్ద డాక్టరు గదికి వెళ్ళాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇంత మంచి టెక్నీషియన్‌వి, నీకెందుకమ్మా ఈ తలనొప్పి? మెషిన్ సాఫ్ట్‌వేర్ తేడా అని రాద్దాం. మెల్లగా వచ్చే ఏడాది పరీక్షల్లో చూసుకుందాం."

"వాళ్ళు రేపు పొద్దున మేడలెక్కుతారు సార్."

"నీకు వాళ్ళతో ఏం సంబంధం?"

"నార్మల్ అని నేను రాశాను సార్. అంతకంటే సంబంధం ఏం కావాలి?"

ఆయన గొంతు మారిపోయింది. పేషెంట్ల వీడియోలు అనుమతి లేకుండా తెరిచానట. నీ సంగతీ చెప్పేశాను కాబట్టి, సొంత చెల్లెలి కోసం రికార్డులు మారుస్తున్నానట. నాకూ నోరుందని పదేళ్ళలో మొదటిసారి ఆయనకి తెలిసింది. ఏమన్నానో అంతా రాయను, నువ్వుంటే చప్పట్లు కొట్టేదానివి. బయటికి వచ్చేసరికి వరండాలో జనం లేచి నిలబడి ఉన్నారు.

అదే రోజు మధ్యాహ్నం పదకొండు నంబర్లూ రాసి మీ కంపెనీకీ, కార్మికుల భద్రత చూసే ఆఫీసుకీ పంపాను. వాళ్ళని వెంటనే దించండని ఆఫీసుకి ఫోన్ కూడా చేశాను. మర్నాడే పదకొండు మందినీ నేల పనికి మార్చారని ఆ ఆఫీసు ఇన్‌స్పెక్టర్ చెప్పింది. మీ విచారణకి నా వాంగ్మూలం విడిగా పంపాను. పద్ధతి ఎవరు పెట్టారో రాశాను, పాటించింది నేనేనని రాశాను. పద్దెనిమిది రోజులు నోరుమూసుకున్న సంగతి కూడా దాచలేదు. నకలు ఇందులో ఉంది.

నన్ను సస్పెండ్ చేశారు. అమ్మకి మొత్తం చెప్పేశాను. పొయ్యి ఆర్పి వచ్చి కూర్చుంది. తర్వాత "చిన్నదానికి ఇప్పుడు నడక ఎలా ఉంది?" అని మాత్రం అడిగింది.

నువ్వు రాయొద్దన్న మాట రాయడంలేదు.

— అక్క


మేడమీది గది,
మే 6

అక్కా,

నువ్వు దాచకుండా రాశావు కాబట్టి నేనూ ఒకటి రాయాలి. ఇది విచారణలో చెప్పాను, నీకు చెప్పలేదు.

మా దగ్గర రోజూ పొద్దున తాడు కట్టుకునేముందు ఒక పుస్తకంలో సంతకం పెట్టాలి. "ఈ రోజు నాకు తల తిరుగుడు లేదు, చూపు బాగుంది" అని అచ్చేసి ఉంటుంది. నవంబరు తర్వాత ఎన్నో పొద్దుల్లో నాకు తిరిగింది. గోడ పట్టుకుని బట్టలు మార్చుకున్న రోజులున్నాయి. అయినా సంతకం పెట్టాను. ఎందుకంటే జనవరిలో నాకు తొట్టి నడిపే కార్డు వచ్చింది. మా జట్టులో ఆ కార్డున్న ఆడది నేనొక్కదాన్నే. కిందికి దించేస్తారని నోరు మూసుకున్నాను. "అప్పటికి నాకు మాత్రం ఏం తెలుసు" అని నీకు రాశాను చూడు, అది అబద్ధం. ఆ చెవి సంగతి తెలియదు గానీ, బాగాలేదని తెలుసు. నిన్ను అన్ని మాటలన్నాను, అందులో సగం నాకూ తగులుతాయి. సగమే. మిగతా సగం నీవే, తిరిగి తీసుకోను.

విచారణ రోజున సూపర్‌వైజర్ నీ వాంగ్మూలం చదువుతుంటే మొహం చూడాలి, తడిపిన అట్టలాగా అయిపోయింది. "సొంత అక్క కాబట్టి రాసింది" అన్నాడు. ఇన్‌స్పెక్టర్ బయటి డాక్టరుని వెంటబెట్టుకొచ్చింది. ఆయన అందరి ముందూ నన్ను కూర్చోబెట్టి, తన ముక్కు చూడమని, నా తల చటుక్కున కుడికి తిప్పాడు. "దగ్గరికొచ్చి చూడండి" అన్నాడు సూపర్‌వైజర్‌ని. మళ్ళీ తిప్పాడు. "భయం అన్నది ఎవరు?" అని అడిగాడు. కంపెనీ డాక్టరు కిటికీ వైపు చూశాడు. అప్పుడు నాకు వచ్చిన కోపం ఏమని చెప్పను! రెండున్నర నెలలు అక్కా! ఒక మనిషి కుర్చీ ముందుకి జరుపుకుని చూస్తే తేలే సంగతి ఇది!

తర్వాత నేను లేచి సంతకాల పుస్తకం సంగతి చెప్పాను. చెప్పాల్సిన పనిలేదు, ఎవరూ అడగలేదు. కానీ నిచ్చెన చక్రాల కుర్చీలో వెనక కూర్చుని వింటున్నాడు. అతని వైపు తిరిగే చెప్పాను. కుర్చీని నా వైపు కాస్త తిప్పుకున్నాడు. "ఆ పుస్తకంలో నేనూ జ్వరంతో సంతకం పెట్టాను లే, ఎన్నిసార్లో" అన్నాడు. తర్వాత, "అయినా కోపంగానే ఉంది" అన్నాడు. "ఉండనీ" అన్నాను.

తీర్పు ఇది. నిర్లక్ష్యం అన్న మాట కొట్టేశారు. నిచ్చెన వైద్యం అంతా కంపెనీ చేయించాలి. నా కార్డు అనారోగ్యం కింద ఆపారు, బాగయ్యాక మళ్ళీ పరీక్ష. సంతకాలకి నాకు ఒక హెచ్చరిక, అది న్యాయమే. మీ ఆస్పత్రి మీద వేరే విచారణ వేస్తారట. సూపర్‌వైజర్ మాత్రం ఆ కుర్చీలోనే ఉన్నాడు, వేరే పుస్తకం వేరే సంతకాలు పట్టుకుని. చూస్తే ఒళ్ళు మండుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఆ పదకొండు మందిలో ఆరుగురు ఇక్కడివాళ్ళే. రెండువైపులా జారే ఇరవైఒక్కేళ్ళ పిల్ల నా గదికి వచ్చింది. తనకి మెదడులో ఏదో ఉందని, చచ్చిపోతుందని ఎవరో చెప్పారట. నాకు తెలిసింది చెప్పాను, నా గోడ మీది అక్షరం చూపించాను. "ఎప్పటికి తగ్గుతుంది?" అని అడిగింది. నాకు తెలియదు. ఆ బయటి డాక్టరు నెలకి ఒకసారి వస్తాడు. ఆరుగురు రోజూ నా గదిలో కూర్చుని తలలూపుతున్నారు, బయటినుంచి చూసేవాళ్ళకి పిచ్చాసుపత్రి అనిపిస్తుంది. సరిగ్గా చేస్తున్నామో లేదో చెప్పే మనిషి లేదు. నీకు ఉద్యోగం లేదు, పని మాత్రం ఉంది. ఆ పిల్లల కళ్ళు అప్పుడు నువ్వు చూడనివి. వచ్చి చూడు.

రమ్మన్నానని కోపం పోయిందనుకుంటావేమో, పోలేదు. పైగా ఇన్నాళ్ళూ పడుకుని కోప్పడ్డాను, కూర్చుని కోప్పడ్డాను, గోడ పట్టుకుని కోప్పడ్డాను. అవన్నీ నాకు లెక్కలోకి రావు. నీ ఎదుట నిలబడి, ఏదీ పట్టుకోకుండా, నీ మొహంలోకి సూటిగా చూస్తూ తిట్టాలి. నిన్న పరుపు మీద నాలుగు నిమిషాలు నిలబడ్డాను. నిన్ను తిట్టడానికి నాలుగు నిమిషాలు ఏ మూలకీ చాలవు. శుక్రవారం బస్సుకి రా, ఆ లోపల ఇంకో రెండు పెంచుకుంటాను.

— పిడుగు